మెడ పైపూస విరిగితే: నిలుస్తుందా, కదులుతుందా?

మీ ప్రశ్న – డాక్టర్ జవాబు
(ఈ నెల జవాబులు ఇస్తున్నవారు తిరుపతిలో వెన్నెముక శస్త్రచికిత్సలు చేసే వైద్యురాలు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మెడ పైభాగంలోని మొదటి రెండు పూసలు విరిగినవారి గురించి రాసినవి చాలా ఉన్నాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. స్కాన్ రిపోర్టులో ‘స్థిరం’ అనో ‘అస్థిరం’ అనో ఒక మాట ఉంటుంది. ఆ మాట ఎలా తేలుస్తారో ఎవరూ విడమరచి చెప్పరు. ఆ మాట మీదే ఆ ఇంటి నిద్ర ఆధారపడి ఉంటుంది కాబట్టి, మొదటి ఉత్తరానికి కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. మా నాన్నగారికి 76 ఏళ్లు. నెల కిందట తెల్లవారుజామున పాలు పితకడానికి వెళ్లి గొడ్ల చావిడిలో కాలుజారి ముందుకు పడ్డారు. నుదురు కుడితి తొట్టి అంచుకు తగిలింది. మెడ నొప్పి అన్నారు. చేతులూ కాళ్లూ బాగానే ఆడుతున్నాయి కదా అని నొప్పి మాత్రలు వేసి ఊరుకున్నాం. వారం దాటినా తగ్గకపోతే సీటీ స్కాన్ తీయించాం. రెండో పూసలో ఒడొంటాయిడ్ విరిగింది, టైప్ 2, రెండు మిల్లీమీటర్లు జరిగింది అని రాశారు. ఒక డాక్టర్ గారు గట్టి కాలర్ వేసి మూడు నెలలు చూద్దామన్నారు. ఇంకొకరు ఇది అస్థిరమైనది, ఆపరేషన్ మేలు అన్నారు. మా చిన్నాన్న మాత్రం పుత్తూరు తీసుకువెళ్లి కట్టు కట్టిద్దామంటున్నారు. ఎవరి మాట వినాలి? నాన్నగారికి షుగరు ఉంది, చుట్ట తాగుతారు.
– ఒక పాఠకుడు, పాకాల

జవాబు: ముందు మీ చిన్నాన్నగారి మాటకు జవాబు చెబుతాను. అది ఇవాళే తేలవలసిన విషయం. మెడకు కట్టు వద్దు. పుత్తూరు కట్టును నేను తేలికగా చూసే మనిషిని కాను. ఈ ప్రాంతంలో తరతరాలుగా చేయి విరిగినా కాలు విరిగినా జనం అక్కడికే వెళ్లారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలతో విరిగిన చోటును కదలకుండా పట్టి ఉంచడంలో ఒక సూత్రం ఉంది. కానీ ముంజేతి ఎముక పక్కన వెన్నుపాము ఉండదు. మెడ పైభాగంలో ఉంటుంది. ఊపిరి ఆడించే నరాలకు ఆజ్ఞలు వెళ్లే దారి కూడా అదే. విరిగిన ఆ చోటును పట్టి లాగినా, తిప్పినా, పక్కకు వంచినా కాళ్లూ చేతులే కాదు, ఊపిరే ఆగిపోవచ్చు. తైలం మర్దన, క్షౌరశాలలో తల పట్టుకుని మెడ విరిపించుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. దయచేసి చిన్నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి.

ఇక అసలు విషయం. పై రెండు పూసలు మిగతా పూసల్లాంటివి కావు. మొదటిది సీ1, దాన్ని అట్లాస్ అంటారు. అది ఉంగరం ఆకారంలో ఉంటుంది, తల దాని మీద కూర్చుంటుంది. రెండోది సీ2, యాక్సిస్. దాని పైభాగం నుంచి ఒక చిన్న ఎముక నిలువుగా లేచి ఆ ఉంగరంలోకి దూరి ఉంటుంది. అదే మీ రిపోర్టులోని ఒడొంటాయిడ్. తిరగలిలో పైరాయి కింది రాయి మేకు చుట్టూ తిరిగినట్టు, సీ1 ఈ ఎముక చుట్టూ తిరుగుతుంది. మనం తల అటూ ఇటూ తిప్పే కదలికలో దాదాపు సగం ఇక్కడే జరుగుతుంది. ఈ ఎముక వెనుకగా ఒక బలమైన పట్టీ అడ్డంగా సాగి, ఉంగరానికి రెండు వైపులా అతుక్కుని ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ అంటారు. ఒడొంటాయిడ్ వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కకుండా ఆపేది అదే.

సీ1 ఉంగరం లోపలి చోటులో మూడో వంతు ఒడొంటాయిడ్, మూడో వంతు వెన్నుపాము, మిగిలిన మూడో వంతు ఖాళీ అని 1968లో స్టీల్ అనే వైద్యుడు ఒక లెక్క చెప్పారు. మేము ఇప్పటికీ విద్యార్థులకు దాన్నే చెబుతాం. ఆ ఖాళీ ఉండటం వల్లనే పై పూసలు విరిగినవారిలో చాలామంది తమ కాళ్ల మీద తాము నడుచుకుంటూ ఆసుపత్రికి వస్తారు. మీ నాన్నగారికి కాళ్లూ చేతులూ ఆడుతున్నది కూడా అందుకే. ఇది మనసుకు ఊరట కలిగించే విషయమే కానీ, ఫ్రాక్చర్ స్థిరంగా ఉందనడానికి సాక్ష్యం కాదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్ల జరిగే నష్టం నన్ను చాలా బాధిస్తుంది. ‘కాళ్లు ఆడుతున్నాయి కదా’ అనే మాట మీద వారాలకు వారాలు ఇంట్లో గడిచిపోతాయి. ఆ వారాల్లో ఎముక అతికే అవకాశం కూడా తగ్గిపోతుంది.

మరి స్థిరం అంటే ఏమిటి? కూర్చుని, లేచి, తిరిగే మామూలు పనుల్లో మెడ మీద పడే బరువుకు పూసలు జరిగిపోకూడదు. వెన్నుపామునూ నరాలనూ నొక్కకూడదు. మనిషిని మంచాన పడేసే నొప్పి గానీ వంకర గానీ రాకూడదు. ఇంత నిలదొక్కుకోగలిగితే అది స్థిరం. వైట్, పంజాబీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది. ఇందులో ఎన్ని ముక్కలైంది, పగులు ఎంత పొడవు అనే ప్రస్తావనే లేదని గమనించండి. నాలుగైదు కిలోల తల ఆ పూస మీద కూర్చున్నప్పుడు అది కదులుతుందా, కదలదా? అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

ఒడొంటాయిడ్ ఫ్రాక్చర్లను 1974లో ఆండర్సన్, డలోంజో అనే వైద్యులు మూడు రకాలుగా విభజించారు. కొస విరిగితే టైప్ 1, ఇది అరుదు. దానితో పాటు తలకూ మెడకూ మధ్య ఉన్న లిగమెంట్లు తెగలేదని చూసుకుంటే చాలావరకు భయం లేదు. పగులు కిందికి దిగి సీ2 శరీరంలోకి వెళ్తే టైప్ 3. అక్కడ ఎముక వెడల్పుగా, మెత్తగా, రక్తం బాగా అందేలా ఉంటుంది కాబట్టి ఎక్కువమందికి కాలర్‌తోనే అతుకుతుంది. మీ నాన్నగారిది మధ్యలోది, టైప్ 2. ఒడొంటాయిడ్ మొదలు దగ్గర, సన్నటి మెడ భాగంలో అడ్డంగా విరిగింది. అక్కడ ఒకదానికొకటి తాకే ఎముక తక్కువ. విరిగిన పై ముక్క సీ1తో కలిసి కదిలిపోతుంది. అందుకే టైప్ 2ను మేము మొదటి నుంచీ అస్థిరమైనదిగానే లెక్కిస్తాం. మీకు కాలర్ చెప్పిన డాక్టర్ గారు కూడా దీన్ని స్థిరం అనుకుని చెప్పి ఉండరు. కదిలే స్వభావం ఉన్న ఎముకను బయటి నుంచి పట్టి ఉంచుదామా, లోపలి నుంచి స్క్రూలతో పట్టి ఉంచుదామా అన్న దగ్గరే వారిద్దరూ వేరయ్యారు. 76 ఏళ్ల మనిషి విషయంలో ఈ తేడా వెన్నెముక వైద్యుల మధ్య అంతటా ఉంది. ఒకరు పొరపాటు పడ్డారని అనుకోకండి.

తూకం వేయవలసినవి ఇవి. ముక్క ఐదు మిల్లీమీటర్లకు మించి జరిగినా, పది డిగ్రీలకు మించి వంగినా, వెనక్కి జరిగినా, వైద్యం ఆలస్యంగా మొదలైనా, పొగ తాగే అలవాటు ఉన్నా అతుకు పడటం కష్టం. వయసు మరీ ముఖ్యం. తలకు లోహపు చట్రం బిగించే హేలో పద్ధతిలో వైద్యం పొందినవారి మీద 2000లో ఒక అధ్యయనం వచ్చింది. 50 దాటినవారిలో ఎముక అతకకపోయే ప్రమాదం చిన్నవారికంటే 21 రెట్లు ఎక్కువని అందులో తేలింది. మీ నాన్నగారికి జరుగుబాటు రెండు మిల్లీమీటర్లే కావడం కలిసొచ్చే అంశం. వయసు, ఆలస్యం, చుట్ట కలిసిరానివి. వీటిలో మీ చేతిలో ఉన్నది చుట్ట ఒక్కటే. ఈ రోజే మాన్పించండి. షుగరు అదుపులో ఉంచండి, కాలర్ వేసినా ఆపరేషన్ చేసినా అది అవసరమే.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఒకటి చెబుతాను. సీటీ స్కాన్ పడుకోబెట్టి తీస్తారు. పడుకున్నప్పుడు తల బరువు మెడ మీద ఉండదు. కాబట్టి కాలర్ సరిగా బిగించి, కూర్చోబెట్టి, లేదా నిలబెట్టి పక్క నుంచి ఒక ఎక్స్‌రే తీయించమని మీ వైద్యుణ్ని అడగండి. పడుకున్నప్పటి బొమ్మతో దాన్ని పోల్చి చూడాలి. ముక్క ఉన్నచోటే ఉంటే కాలర్ తన పని చేస్తోందని అర్థం. రెండు మిల్లీమీటర్లు నాలుగో ఐదో అయిందంటే, కాలర్‌తో మూడు నెలలు వేచి చూడటం నాకు సమ్మతం కాదు. మొదటి నెలన్నర రెండు వారాలకొకసారి ఈ ఎక్స్‌రే మళ్లీ తీయాలి. రానుపోను ఖర్చుకు వెనకాడి చాలామంది మానేసేది దీన్నే. దీన్ని మానకండి.

ఆపరేషన్ అంటే రెండు దారులు. మెడ ముందు నుంచి ఒడొంటాయిడ్‌లోకి స్క్రూ వేస్తే తల తిప్పే కదలిక మిగులుతుంది. కానీ ఎముక గట్టిగా ఉండాలి, ఫ్రాక్చర్ కొత్తదై ఉండాలి. పెద్దవయసులో స్క్రూ పట్టు దొరకకపోవచ్చు. రెండోది వెనుక నుంచి సీ1, సీ2లను స్క్రూలతో కలిపి ఒకటి చేయడం. 1994లో ముంబైకి చెందిన డాక్టర్ అతుల్ గోయల్ ప్రచురించిన పద్ధతి, 2001లో జర్మనీ వైద్యుడు హార్మ్స్ దానికి చేసిన మార్పు నేడు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. పట్టు చాలా గట్టిది. కానీ తల తిప్పడం దాదాపు సగం తగ్గుతుంది. పక్కకు చూడాలంటే భుజాలు కూడా తిప్పాలి. పొలం గట్టు మీద నడిచే మనిషికి, బర్రెల మధ్య తిరిగే మనిషికి అది చిన్న విషయం కాదు, ముందే చెప్పాలి. హేలో చట్రం సంగతి ఎవరైనా ఎత్తితే, ఈ వయసులో వద్దని నా గట్టి అభిప్రాయం. మింగడం కష్టమై, ఊపిరితిత్తులకు నెమ్ము చేసి పెద్దవాళ్లు కుంగిపోతారు.

నా నిర్ణయం అడుగుతారేమో. కూర్చోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ముక్క కదలకపోతే, కాలర్ ఆయన భరించగలిగితే, మీరు మానకుండా చూపించగలిగితే నేను కాలర్‌తో మొదలుపెడతాను. కదిలితే ఆలస్యం చేయకుండా, మత్తు వైద్యుడు గుండె, ఊపిరితిత్తులు చూసి సరేనంటే వెనుక నుంచి ఆపరేషన్ చేస్తాను. మూడు నెలల తర్వాత ఎముక పూర్తిగా అతకకపోయినా బెంబేలు పడవద్దు. పెద్దవయసులో చాలామందికి ఆ సందులో గట్టి పీచు కణజాలం పెరిగి కదలిక ఆగుతుంది. మెడ వంచి, ఎత్తి తీసిన ఎక్స్‌రేలలో కదలిక లేకుంటే, నొప్పి లేకుంటే, దానితో ఆయన హాయిగా బతకవచ్చు.

ఈలోగా అన్నం నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలుగా పెట్టండి. కాలర్ ఉండగా పడుకుని మాత్రలు మింగనివ్వకండి. గడ్డం కింద, తల వెనుక చర్మం ఎర్రబడుతోందేమో రోజూ చూడండి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, కాలి చెప్పు తెలియకుండా జారిపోతున్నా, నడక తూలినా, మూత్రం కష్టమైనా మర్నాటి దాకా ఆగకుండా వెంటనే తీసుకురండి. తిరుపతిలో స్విమ్స్‌లో న్యూరోసర్జరీ విభాగం ఉంది. రాత్రయినా సరే, వెళ్లండి.

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. సెలవుల్లో స్నేహితులతో కలిసి పొలం బావిలోకి తలకిందులుగా దూకాడు. నీళ్లు తక్కువగా ఉండి తల నేలకు కొట్టుకుంది. సీ1 నాలుగు ముక్కలైందని, జెఫర్సన్ ఫ్రాక్చర్ అని రిపోర్టులో ఉంది. రెండు పక్కలా కలిపి మూడు మిల్లీమీటర్లు బయటికి జరిగిందని, లిగమెంట్ బాగానే ఉందని ఎంఆర్‌ఐలో రాశారు. నాలుగు ముక్కలైతే ఆపరేషన్ లేకుండా కాలర్ వేసి పంపేశారు. వైద్య సేవ కార్డు మీద చేరాం కాబట్టి తక్కువ వైద్యం చేశారేమోనని అమ్మ రోజూ ఏడుస్తోంది.
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: అమ్మగారిని ఏడవవద్దని చెప్పండి. మీరు రాసిన రిపోర్టు ప్రకారం మీ తమ్ముడికి జరిగింది సరైన వైద్యమే. డబ్బు కట్టి చేరినా ఇదే చేస్తారు.

పైన చెప్పిన నాన్నగారిది ఒక్క గీత, కానీ అస్థిరం. మీ తమ్ముడిది నాలుగు ముక్కలు, కానీ స్థిరం. ఎందుకో చెబుతాను. తల మీద నేరుగా బరువు పడినప్పుడు సీ1 ఉంగరం బయటి వైపుకు పగులుతుంది. 1920లో బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ దీన్ని వివరించారు. ముక్కలు బయటికి జరుగుతాయి కాబట్టి లోపల వెన్నుపాముకు చోటు పెరుగుతుందే తప్ప తగ్గదు. అసలు ప్రమాదం ఉంగరాన్ని అడ్డంగా పట్టి ఉంచిన ఆ ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ తెగినప్పుడు వస్తుంది. అది తెగితే ఉంగరానికీ ఒడొంటాయిడ్‌కూ సంబంధం పోతుంది.

దాన్ని తేల్చడానికి పూర్వం నోరు తెరిపించి ఎక్స్‌రే తీసేవారు. సీ2 అంచు దాటి సీ1 రెండు పక్కలా ఎంత బయటికి వచ్చిందో కొలిచి కలిపేవారు. 1970లో స్పెన్స్ బృందం చెప్పిన హద్దు 6.9 మిల్లీమీటర్లు. అది దాటితే లిగమెంట్ తెగినట్టే అనుకునేవారు. సీ1 ముందు భాగానికీ ఒడొంటాయిడ్‌కూ మధ్య సందు పెద్దవారిలో మూడు మిల్లీమీటర్లు మించినా అనుమానించాలి. అయితే కొలత హద్దు లోపలే ఉండి లిగమెంట్ తెగినవాళ్లూ ఉంటారు. అందుకే మీ తమ్ముడికి ఎంఆర్‌ఐ తీశారు. ఆ పని చేసిన వైద్యుణ్ని మీరు నమ్మవచ్చు. తక్కువ వైద్యం చేయాలనుకునేవారు ఎంఆర్‌ఐ దాకా వెళ్లరు.

లిగమెంట్ తెగి ఉంటే కథ వేరుగా ఉండేది. అది నడిమధ్యలో తెగితే దానంతటది అతకదు, సీ1, సీ2లను కలిపి బిగించాల్సిందే. చిన్న ఎముక పెచ్చుతో సహా ఊడి వస్తే మాత్రం, గట్టిగా కదలకుండా ఉంచితే అతుక్కునే అవకాశం బాగానే ఉంటుంది. డిక్‌మన్ బృందం 1996లో ఈ తేడా చూపించింది.

ఇక మీరు చూసుకోవలసింది. పది పన్నెండు వారాలు కాలర్ తీయకూడదు. వయసులో ఉన్న కుర్రాడు, నొప్పి మూడో వారానికే తగ్గుతుంది, అప్పుడు తీసేస్తానంటాడు. ఒప్పుకోకండి. సీ1 విరిగినవారిలో సీ2 కూడా విరగడం తరచుగా చూస్తాం, కాబట్టి రిపోర్టులో మిగతా పూసల గురించి ఏమి రాశారో మరొకసారి చదివించుకోండి. మెదడుకు రక్తం తీసుకువెళ్లే వర్టిబ్రల్ ధమని ఈ పూసల పక్క రంధ్రాల గుండా పోతుంది. పగులు ఆ రంధ్రం దాకా వెళ్లి ఉంటే రక్తనాళాల సీటీ తీశారా అని అడగండి. గడువు అయ్యాక వైద్యుడి ఎదుట మెడను తనంతట తానే మెల్లగా వంచి, ఎత్తి తీసే ఎక్స్‌రేలు ఉంటాయి. వేరొకరు పట్టుకుని వంచకూడదు. దెబ్బ తగిలిన కొత్తలో కండరాలు బిగుసుకుని ఉంటాయి. అప్పుడు ఈ ఎక్స్‌రేలకు అర్థం ఉండదు, ప్రమాదం కూడా.

ఈ ఉత్తరం చదువుతున్న తల్లిదండ్రులందరికీ ఒక మనవి. ఎండాకాలంలో మన బావుల్లో, చెరువుల్లో నీటి మట్టం ఎంత పడిపోయిందో పైనుంచి చూస్తే తెలియదు. ఈతకు వెళ్లే పిల్లలకు, ముందు కాళ్లతో దిగి లోతు చూసుకోమని చెప్పండి. తలకిందులుగా దూకవద్దని మళ్లీ మళ్లీ చెప్పండి. ఇలా మెడ విరిగి కాళ్లూ చేతులూ పడిపోయిన పిల్లలను చూసిన ఏ వైద్యురాలూ ఈ మాట చెప్పకుండా ఉండలేదు.

ప్రశ్న: చిత్తూరు బైపాస్ మీద మా వారి కారు ముందు లారీని గుద్దుకుంది. సీ2 విరిగింది, ‘హ్యాంగ్‌మన్ ఫ్రాక్చర్, టైప్ 1’ అని ఉంది. ఆ పేరు ఉరిశిక్షకు సంబంధించినదని తెలిసి వణికిపోతున్నాను.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: పేరు 1965 నాటిది. ఉరి వేసినప్పుడు విరిగే చోటే విరుగుతుంది కాబట్టి అలా పిలిచారు. కానీ ఉరిలో తల పైకి లాగబడి పూసల మధ్య అన్నీ తెగిపోతాయి. కారు ప్రమాదంలో సీ2 వెనుక భాగం రెండు వైపులా విరిగి, ముందు భాగం నుంచి విడిపోతుంది, వెన్నుపాము దారి వెడల్పవుతుంది. అందుకే ఎక్కువమందికి కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి. ఈ ఫ్రాక్చర్‌లో (ఒడొంటాయిడ్ రకాలు వేరు) టైప్ 1 అంటే జరుగుబాటు మూడు మిల్లీమీటర్ల లోపు, వంపు లేదు, కింది డిస్కు బాగుంది అని అర్థం. ఇది స్థిరమైనదే. కాలర్ చాలు. మూడు మిల్లీమీటర్లు దాటి, వంపు కూడా ఉంటే టైప్ 2 అవుతుంది, అప్పుడు ఆలోచన మారుతుంది. టైప్ 2ఏ అని ఒకటి ఉంది. అందులో జరుగుబాటు తక్కువ, వంపు ఎక్కువ. దానికి తలకు బరువులు కట్టి లాగితే పూసలు ఇంకా విడిపోతాయి. మీవారికి అది కాదు. పేరును పక్కన పెట్టి, వారం రెండు వారాలకు తీసే ఎక్స్‌రేలో ఆ మూడు మిల్లీమీటర్లు పెరగలేదని మాత్రం నిర్ధారించుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి సీ2లో ఒడొంటాయిడ్ టైప్ 3 ఫ్రాక్చర్, కాలర్ వేసి ఎనిమిది వారాలైంది. నొప్పి లేదు. ప్రాణం దక్కితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నారు. ఈ నెలలోనే తిరుమల తీసుకువెళ్లమంటున్నారు. వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: స్వామివారు మొక్కు కోసం కొన్ని వారాలు ఆగుతారు. వెళ్లవద్దని చెప్పడం లేదు, ఇప్పుడు వద్దంటున్నాను. కల్యాణకట్టలో కాలర్ తీసి, తల ముందుకు వంచి చాలాసేపు కూర్చోవాలి. సరిగ్గా అతుకుతున్న ఎముక మీద పడకూడని ఒత్తిడి అదే. పైగా ఘాట్ రోడ్డు మలుపుల్లో తల అటూ ఇటూ ఊగుతుంది, క్యూలో తోపులాట ఉంటుంది. నొప్పి లేకపోవడం మంచిదే, కానీ ఎముక అతికిందనడానికి నొప్పి పోవడం చాలదు. పన్నెండో వారం సీటీ గానీ ఎక్స్‌రేలు గానీ చూసి వైద్యులు సరేనన్నాక వెళ్లండి. అప్పుడు కూడా నడక దారి వద్దు. తలనీలాలు ఇచ్చేటప్పుడు ఆమె నిటారుగా కూర్చోవాలి. వంచకుండా తీయమని ముందే చెబితే క్షురకులు అర్థం చేసుకుంటారు. స్నానానికి కాలర్ తీసేది ఎలాగని కూడా అడిగారు. పడుకోబెట్టి, ఒకరు రెండు చేతులతో తల పట్టుకుని ఉండగా ఇంకొకరు ముందు భాగం తీసి తుడవాలి, తర్వాత మళ్లీ బిగించాలి. కూర్చోబెట్టి తీయవద్దు.

ప్రశ్న: అలిపిరి మెట్ల దారిలో మా ముందు వెళ్తున్న ఒక పెద్దావిడ తూలి, అయిదారు మెట్ల కిందికి దొర్లారు. అందరూ ఆమెను లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: లేపకుండా ఉంటే బాగుండేది. మెడ విరిగిందా అని ఎప్పుడు అనుమానించాలో కెనడా వైద్యులు 2001లో ఒక పద్ధతి రూపొందించారు. వయసు 65 గానీ అంతకు మించి గానీ ఉంటే, మూడడుగుల ఎత్తు నుంచి లేదా అయిదు మెట్ల నుంచి పడితే, చేతుల్లో కాళ్లలో తిమ్మిరి ఉంటే, స్కాన్ లేకుండా మెడను వదిలేయకూడదని అది చెబుతుంది. మీరు చూసిన ఆమె వయసుకూ, దొర్లిన మెట్లకూ ఇది సరిపోతుంది. పెద్దవయసులో ఎముకలు పెళుసుబారి ఉంటాయి కాబట్టి నేల మీద జారి పడ్డా ఒడొంటాయిడ్ విరగవచ్చు.

ఇకపై ఇలా జరిగితే పడినచోటే ఉంచండి. ఒకరు తల వైపు మోకాళ్ల మీద కూర్చుని, చెవుల దగ్గర రెండు అరచేతులూ ఆనించి తల కదలకుండా పట్టుకోవాలి. సరిచేయడానికి ప్రయత్నించవద్దు, ఉన్న తీరులోనే పట్టుకోవాలి. ‘కదలకండి’ అని ఆమెతో మాట్లాడుతూ ఉండండి. నీళ్లు తాగించవద్దు. వాంతి వస్తుంటే, తలా మొండెమూ ఒకే వరుసలో ఉండేలా నలుగురూ కలిసి పక్కకు దొర్లించండి. దారిలోని సిబ్బందికి చెప్పించి, 108కి ఫోను చేసి, ‘మెడ దెబ్బ అనుమానం ఉంది’ అని స్పష్టంగా చెప్పండి. వాళ్లు గట్టి బల్ల, కాలర్ తెచ్చుకుంటారు. రోడ్డు మీద పడిన మోటారుసైకిలిస్టు విషయంలో హెల్మెట్ కూడా మీరు లాగి తీయవద్దు. ఊపిరి ఆడకపోతే తప్ప, తీయడం తెలిసిన ఇద్దరు వచ్చేదాకా అది తల మీదే ఉండనివ్వండి.